తొట్టిలో తేట నీళ్ళు

శవాన్ని తీసుకెళ్ళాక కూడా జల్లెడమ్మ ఆ తొట్టిని వదల్లేదు. ప్యాంటు అంచులు పైకి మడుచుకుని గట్టు మీద గొంతుక్కూర్చుంది. చేతి తొడుగు తీసేసి, వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది. వాసన చూసింది. ఇంకో దోసెడు తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే అలాగే చూస్తూ ఉండిపోయింది.

"స్నానం చేస్తారా మేడమ్? సబ్బు పంపించమంటారా?"

వెనక్కి తిరగకుండానే ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలిసింది. ఆ ప్రాంతపు స్టేషన్ ఇన్‌స్పెక్టరు. ఏ కేసైనా చేతికొచ్చిన పూటే మూసేస్తాడని డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని తాళంకప్ప అంటారు. ఆమెది క్రైం బ్రాంచి. చేతికొచ్చినదాన్ని నూకా రాయీ పొట్టూ విడదీసేదాకా కింద పెట్టదని ఆమెకి జల్లెడమ్మ అని పేరు పడింది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. అప్పటినుంచీ ఉప్పూ నిప్పే.

"జారిపడ్డాడండీ," అన్నాడు తాళంకప్ప. "నిన్న తనిఖీకి వచ్చాడు. రాత్రి వాన దంచికొట్టింది. తొట్టి నిండింది. గట్టు తడిసింది. కాలు జారింది. తల వెనక దెబ్బ కూడా సరిపోయింది. ఇందులో కనిపెట్టడానికేముంది చెప్పండి."

జల్లెడమ్మ లేచి నిలబడింది. "తనిఖీకి ఎప్పుడొచ్చాడు?"

"మధ్యాహ్నం."

"వాన ఎప్పుడు మొదలైంది?"

"చీకటి పడ్డాక."

"మధ్యాహ్నం వచ్చినవాడు చీకటి పడి, వాన పడి, తొట్టి నిండేదాకా ఇక్కడే నిలబడ్డాడా?"

"ఉద్యోగం మీద అంత ప్రేమేమో," అని గొణిగి తాళంకప్ప గేటు వైపు నడిచాడు.

చనిపోయింది కార్పొరేషన్ ఇంజనీరు. కట్టడాల దగ్గర నేల వాలు ఎటుందో, వాన నీళ్ళు ఎటు పోతాయో చూసి సంతకం పెట్టడం ఆయన పని. బిల్డర్లు ఆయన్ని నీళ్ళాయన అనేవాళ్ళు. ఏ సైటులోకి అడుగుపెట్టినా ముందు నేలకేసి చూసి, ఆ తర్వాతే మనిషికేసి చూసేవాడని చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే ఆయన ఈ తొట్టిలో బోర్లా తేలుతుంటే కింది వీధిలో ఉండే వెల్డరు కంచె సందులోంచి చూసి పోలీసులకి ఫోన్ చేశాడు.

తొట్టి పెద్దదేమీ కాదు. రెండు మంచాలు పరిచేంత. నడుము లోతు నీళ్ళు. చుట్టూ కొండవాలుని చదును చేసిన స్థలం, అంతా ఎర్రమట్టి. మధ్యలో స్తంభాలు లేచి నిలబడ్డాయి. స్థలం చివర మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ గోడ. ఆ గోడకి అవతల, రెండు నిలువుల కింద, చిన్న చిన్న ఇళ్ళ వీధి. తెరిపి ఇచ్చిందన్న మాటే గానీ ఆకాశం ఇంకా ముఖం మాడ్చుకునే ఉంది.

*

సైటు ఇంజనీరు రేకుల షెడ్డులో కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళు దాటి ఉండవు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకోవడం, మళ్ళీ తీయడం.

"ఆయన్ని చివరగా చూసింది నువ్వేనా?" అడిగింది జల్లెడమ్మ.

"నేనే మేడమ్. కంచె వైపు నడుస్తుంటే చూశాను. వెళ్ళిపోతున్నారనుకున్నాను."

"గేటు అటు లేదు కదా."

"లేదు. కింది వీధి వైపు చూడ్డానికి అటెళ్ళారనుకున్నాను. తర్వాత నాకు కనిపించలేదు."

"నీతో ఏమన్నారు?"

కుర్రాడు కళ్ళజోడు తుడిచాడు. "తొట్టి బాగుందన్నారు."

"అంతేనా?"

"అంతే."

జల్లెడమ్మ బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసుని అతని వైపు జరిపింది. "తాగు. తాగి, ఈ నేల వాలు రూలేంటో నాకర్థమయ్యేలా చెప్పు. నేను పోలీసుదాన్ని. నాకు సున్నం, సిమెంటు తేడా కూడా తెలీదనుకో."

పాఠం అనేసరికి అతని గొంతు కాస్త కుదుటపడింది. "మన స్థలంలో పడ్డ వాన మన బాధ్యత మేడమ్. పక్కవాడి మీదకి తోయకూడదు. కట్టడం చుట్టూ నేల బయటికి వాలి ఉండాలి, పునాదిలోకి నీళ్ళు దిగకుండా. ఆ నీళ్ళన్నీ పల్లపు మూలకి చేరాలి. అక్కడ తొట్టి ఉండాలి. తొట్టిలో ఆగి, చిన్న పైపులోంచి మెల్లిగా వీధి కాలువలోకి పోవాలి. ఒక్కసారిగా వదిలితే కింద ఇళ్ళు మునుగుతాయి. ఇవన్నీ చూసి సంతకం పెడితేనే తర్వాత శ్లాబు వేయాలి."

"గోడకి?"

"రిటైనింగ్ గోడకి బెజ్జాలు ఉండాలి. వెనక మట్టిలో చేరిన నీళ్ళు కారిపోవడానికి. లేకపోతే మట్టి ఉబ్బి గోడని తోస్తుంది."

"మంచి పాఠం. ఇప్పుడు పరీక్ష పెడతా, రా."

ఆమె షెడ్డు బయటున్న నీళ్ళ బకెట్టు ఎత్తింది. స్థలం మధ్యకి వెళ్ళి, బోర్లించింది. నీళ్ళు ఒక్క క్షణం తడబడి, తర్వాత దారి దొరికినట్టు పాముల్లా సాగాయి. తొట్టి వైపు కాదు. గోడ వైపు.

ఇంకో బకెట్టు తెచ్చి తొట్టికి నాలుగడుగుల దూరంలో పోసింది. ఆ నీళ్ళు కూడా తొట్టికి వీపు తిప్పి గోడకేసి పోయాయి.

సైటు ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. ఎండ లేదు.

"ఆయన అన్న మాట చెప్పు," అంది జల్లెడమ్మ, ఈసారి మెల్లగా.

"'తొట్టి బాగుంది బాబూ, ఇందులోకి నీళ్ళని ఎవరు పిలుచుకొస్తారు' అన్నారు." అతను కళ్ళజోడు తీసేశాడు. "కార్ల పార్కింగుకి చదును కావాలని మా బిల్డరు సారు మట్టి పోయించారు. దాంతో వాలు తిరగబడింది. మళ్ళీ తవ్వి సరిచేద్దామంటే పని ఆగుతుందన్నారు. తొట్టి చూపించడానికే కట్టాం. బయటికి పైపు కూడా వేయలేదు."

"ఇంతకుముందు వానలకి ఇందులో నీళ్ళు చేరాయా?"

"నేరుగా పడ్డవే. జానెడు కూడా ఉండేవి కాదు."

"ఇప్పుడు నడుము లోతున్నాయి."

"పొద్దున్నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నా మేడమ్."

"మరి నోరు విప్పలేదేం?"

"విప్పితే వాలు సంగతి చెప్పాలి కదా."

జల్లెడమ్మ అతన్ని తిట్టలేదు. తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు చూపించింది. అడుగున ఉన్న సిమెంటు గీతలు కూడా కనిపిస్తున్నాయి. "ఎర్రమట్టి మీద పడ్డ వాన ఇంత తేటగా ఉంటుందా? వాసన చూడు."

అతను వంగి చూశాడు. "బ్లీచింగ్ వాసన."

"మీ సైటులో కుళాయి ఉందా?"

"లేదు. బోరు నీళ్ళే. అవి తుప్పు కంపు కొడతాయి."

"అంటే ఎవరో కుళాయి నీళ్ళు తెచ్చి ఈ తొట్టి నింపారు. వానే నింపిందని మనం అనుకోవాలని."

*

తాళంకప్పకి ఈ సంగతి చెబితే అతను మొదట నవ్వాడు. తర్వాత తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, నవ్వడం మానేశాడు. మూడో నిమిషంలో అతని కేసు కొత్త తాళం వేసుకుంది.

"అయితే బిల్డరే. వాలు మార్చిన సంగతి నీళ్ళాయన పట్టేశాడు. వీడు వేయించేశాడు. ఇప్పుడే పట్టుకొస్తా."

"ఆగండి. బిల్డరు దాచాలనుకుంది ఈ దొంగ తొట్టినే కదా. శవాన్ని తెచ్చి అందులోనే వేసి, ఊరందరినీ పిలిచి దాని చుట్టూ నిలబెడతాడా? దొంగ సొత్తు ఎవరైనా తన గుమ్మంలో ఆరేసుకుంటారా?"

"తెలివితక్కువ దొంగలే మనకి దొరుకుతారు మేడమ్. తెలివైనవాళ్ళు మీలాంటి వాళ్ళ కలల్లోకి వస్తారు."

"ఇది తెలివైనవాడి పని కాదు. కంగారుపడ్డవాడి పని. బిల్డరు మీదకి నెట్టాలనుకున్నాడు. కానీ తొట్టిలోకి నీళ్ళు రావని అతనికి తెలీదు. వస్తాయనే అనుకున్నాడు, వచ్చి ఉండాల్సింది అనుకున్నాడు, లేకపోయేసరికి నింపాడు. సైటులో పనిచేసే వాడెవడూ అలా అనుకోడు."

తాళంకప్ప వినడం లేదు. ఫోన్ తీసి మాట్లాడుతున్నాడు. "ఆ పక్క సైటులో పొక్లెయిన్ ఉంది కదా, దాన్ని తీసుకురమ్మను. పోసిన మట్టి తవ్వించి చూపిద్దాం. కింద అసలు నేల ఎటు వాలిందో కెమెరాలో పడాలి." ఫోన్ పెట్టి ఆమెకేసి చూశాడు. "మీరు నీళ్ళు చూసుకోండి. నేను నేల చూసుకుంటా."

"తడిసిన మట్టి మీదకి అంత బరువు ఎక్కిస్తారా?"

"ఎక్కించడానికే కదా దాన్ని చేశారు."

ఆమె ఇంకేదో అనబోయింది. ఫోన్ మోగింది. పోస్ట్‌మార్టం డాక్టరు.

"పూర్తి రిపోర్టు రేపు. కానీ మీరు ఒకటి ఇప్పుడే తెలుసుకోవాలి," అన్నాడు డాక్టరు. "తల మీద దెబ్బతో పోలేదు. ఊపిరి ఉండగానే నీళ్ళలో పడ్డాడు. ఊపిరితిత్తుల్లో మెత్తటి బురద ఉంది. గోళ్ళలో కూడా."

"ఎర్రటిదా?"

"కాదు. బూడిద రంగు. నూరిన పిండిలా ఉంది."

జల్లెడమ్మ కాళ్ళ కింద నేలకేసి చూసింది. కనుచూపు మేర ఎరుపే. బూడిద రంగు మట్టి ఇక్కడ కావాలంటే కొండ చర్మం ఒలిచి, లోపలికి తవ్వాలి.

*

కింది వీధికి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అక్కడి నుంచి చూస్తే గోడ ఇంకా పెద్దగా కనిపించింది. ఇళ్ళ పెరళ్ళన్నీ దాన్నే ఆనుకుని ఉన్నాయి. ఎవరో ఆడమనిషి తెరిపి దొరికింది కదా అని గోడ పక్కనే దుప్పట్లు ఆరేస్తోంది. ఇద్దరు ముసలివాళ్ళు అరుగు మీద కూర్చుని, పైన జరిగిన చావు గురించి తలో మాటా కలుపుతున్నారు. ఒకింట్లో పసిబిడ్డ ఏడుస్తోంది.

గోడకి బెజ్జాలున్నాయి. వరసగా, తీరుగా, ప్రతిదాంట్లో ప్లాస్టిక్ పైపు ముక్క. జల్లెడమ్మ ఒక పైపు కింద చెయ్యి పెట్టింది. పొడి. పక్కదాని కింద పెట్టింది. అదీ పొడే. రాత్రంతా కురిసిన వాన, పైన వాలంతా ఈ గోడకే, ఒక్క బెజ్జంలోంచి కూడా చుక్క లేదు.

ఎండు పుల్ల ఒకటి తీసి పైపులోకి దోపింది. వేలెడు లోపలికి వెళ్ళి కాంక్రీటుకి తగిలి ఆగిపోయింది.

ఇవి బెజ్జాలు కావు. పైన తొట్టి ఎలాగో, ఇక్కడ ఇవీ అలాగే. చూసేవాళ్ళ కోసం అంటించిన ముక్కలు. రాత్రి కురిసిన నీళ్ళన్నీ ఆ గోడ వెనకే ఉన్నాయి.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి గోడ అంచు వెంట చూసింది. మొదట్లో నిటారుగానే ఉంది. కొసన, వెల్డరు ఇంటి వెనక మాత్రం, నెలలు నిండిన కడుపులా కాస్త ముందుకి వచ్చింది.

వెల్డరు గుమ్మంలోనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎత్తుగా, బండలాంటి భుజాలు, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. గేట్లూ కిటికీ చువ్వలూ చేస్తాడు. పైన సైటు చుట్టూ రేకుల కంచె వేసింది కూడా ఇతనే. ఆ పని అయ్యాక, పైనుంచి నీళ్ళు దిగుతున్నాయని ఆ సైటు మీదే పదే పదే ఫిర్యాదు పెట్టాడు. వీధిలో ఇతన్ని పిటిషన్ పెద్దాయన అంటారు.

"రామ్మా, కూర్చో," అన్నాడు. "నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నా. ఒక్కడూ వినలేదు. చివరికి ఆ పుణ్యాత్ముడి ప్రాణం తీశారు."

"నిన్న ఆయన మీ దగ్గరికి వచ్చారా?"

"రాలేదు."

"మీ ఫిర్యాదు మీద తనిఖీకొచ్చి, మిమ్మల్నే కలవలేదా?"

"పెద్ద ఉద్యోగస్తులు. మనలాంటి వాళ్ళని ఎందుకు కలుస్తారు?"

"చేతులు బురదయ్యాయి. కడుక్కోవచ్చా?"

అతను పెరట్లో కుళాయి చూపించాడు. ఆమె తిప్పింది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది. కుళాయి పక్కనే చిన్న మోటారు, దానికి చుట్టచుట్టిన పొడుగాటి రబ్బరు పైపు, గోడకి ఆనించిన ఇనుప నిచ్చెన. పైన కంచెలో ఒక రేకు మిగతావాటి కంటే కాస్త పక్కకి జరిగి ఉంది. కంచె వేసిన చేతికి ఏ రేకు ఎక్కడ ఊడుతుందో తెలియకుండా ఉంటుందా?

"ఇంట్లో ఎవరూ లేరా పెద్దాయనా?"

"మా ఆవిడనీ, కోడల్నీ, మనవరాల్నీ అమ్మాయి ఇంటికి పంపించాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న అంటే, వాన పడకముందా, పడుతుండగానా?"

అతను కుళాయి కట్టేసి, "పడుతుండగానే," అన్నాడు.

"పసిదాన్ని వానలో పంపించారు. కారణం ఉండే ఉంటుంది," అంది జల్లెడమ్మ. మాట్లాడుతూనే ఇంట్లోకి నడిచింది. వెనక గదిలో నేల మీద తలుపంత ఇనుప పలక పరిచి ఉంది. అంచుల్ని చుట్టూ చట్రానికి వెల్డింగ్ చేసేశారు. గదిలో మిగతా ఇనుమంతా తడిగాలికి గోధుమరంగు తిరిగింది. ఈ అతుకు మాత్రం ఇంకా వెండిలా మెరుస్తోంది.

"ఇది తెరవండి."

"పాత గొయ్యమ్మా. పిల్ల పడుతుందని మూశాను."

"పిల్ల ఇంట్లో లేదుగా. తెరవండి."

వెల్డరు గోడకి వేలాడుతున్న కటింగ్ మిషన్ తీశాడు. జల్లెడమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, నడుము దగ్గరున్న పిస్తోలు మీద చెయ్యి ఉంచింది. మిషన్ గీపెట్టింది. నిప్పురవ్వలు గదంతా ఎగిరాయి. ఆ చక్రం తన వైపు ఎప్పుడు తిరుగుతుందోనని ఆమె చూస్తూనే ఉంది. తిరగలేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ చేసే పనిలాగే, అతుకంతా శ్రద్ధగా కోశాడు. పలక పక్కకి లాగి, మిషన్ కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"నేను ముందు దిగుతా," అన్నాడు. "మెట్లు జారతాయి."

మెట్లు నిజంగానే జారాయి. ఆమె సెల్‌ఫోన్ లైటు వేసి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే దిగింది. అడుగున మోకాలి లోతు నీళ్ళు. బూడిద రంగు. మెత్తటి బురద కాళ్ళని కరుచుకుంది.

అది గొయ్యి కాదు, గది. వర్క్‌షాపు కోసం తవ్విన సెల్లారు. ఇంటి కిందనుంచి మొదలై, పెరడు కిందుగా వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళింది. జల్లెడమ్మ లైటు చివరికంటా తిప్పింది. ఆమె చూసింది ఏమిటో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

పైన కనిపించిన ఆ పెద్ద గోడ పాదం ఇక్కడ గాలిలో ఉంది. దాని కింద మట్టి లేదు. నాలుగు ఇనుప స్తంభాలు మాత్రం, ఇంట్లో వెల్డింగ్ చేసినవి, తలల మీద దాన్ని మోస్తున్నాయి. ఒకటి అప్పటికే మధ్యలో విల్లులా వంగింది. పగుళ్ళలోంచి నీళ్ళు సన్నటి ధారలుగా చిమ్ముతున్నాయి.

"పర్మిషను అడిగితే ఇవ్వరు," అన్నాడు వెల్డరు, అన్నిటికంటే కింది మెట్టు మీద నిలబడి. "ముందు గదిలో మిషన్లు పెడితే ఇంట్లో తిరిగే చోటుండదు. కొంచెం తవ్వాను. ఇంకొంచెం తవ్వాను. నీళ్ళు రావడం మొదలయ్యాయి. పైవాడే కారణమని ఫిర్యాదు పెట్టాను. అది నిజమే కదమ్మా. నీళ్ళు వాడివే."

"గుంత మీది."

"గుంత నాది." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఆయన ఆ రేకు సందులోంచి, నా నిచ్చెన మీదుగా దిగి వచ్చాడు. పైన ఇంత నీళ్ళు ఇంకుతుంటే కింద ఎక్కడో తేలాలి కదా అన్నాడు. ఇల్లంతా తిరిగాడు. ఇది చూశాడు. చూసి, ఒక్క మాటా తిట్టలేదు. వీధంతా ఇప్పుడే ఖాళీ చేయించాలి, మీ ఇల్లు పడగొట్టాలి అన్నాడు. ఫోన్ తీసి, ఇక్కడ సిగ్నల్ లేదని పైకి బయల్దేరాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఒక్క రోజు ఆగండి, రెండు స్తంభాలు ఎక్కువ పెడతానన్నాను. విదిలించుకున్నాడు. నేను లాగాను. వెనక్కి పడ్డాడు. తల మెట్టుకి కొట్టుకుని నీళ్ళలోకి బోర్లా దొర్లాడు."

"అప్పటికి ప్రాణం ఉంది."

"ఉంది."

"నీళ్ళలో ముఖం పెట్టి పడి ఉన్నాడు."

"ఉన్నాడు."

"మీరేం చేశారు?"

వెల్డరు తన అరచేతులకేసి చూసుకున్నాడు. "లేపలేదు," అన్నాడు.

జల్లెడమ్మ లైటు అతని ముఖం మీదకి తిప్పింది. "శవాన్ని పైకి మోసి తొట్టి నింపారు, సరే. మీ వాళ్ళని పంపించేశారు. మీకు తెలుసన్నమాట, ఇది ఆగదని. పక్కింట్లో పసిబిడ్డ ఉంది. వాళ్ళకి చెప్పారా?"

అప్పుడే తల మీద గుడగుడమని చప్పుడు మొదలైంది. దూరంగా, తర్వాత దగ్గరగా. వంగిన స్తంభం కిర్రుమంది. నీటి మీద సన్నటి అలలు లేచాయి. మట్టి మీదకి పొక్లెయిన్ ఎక్కింది.

ఆమె మెట్ల మీద జారుతూ, చేతులతో పాకుతూ పైకొచ్చింది. వెల్డరు ఆమె వెనకే వచ్చాడు. గదిలోకి వచ్చాక గానీ సిగ్నల్ అందలేదు. తాళంకప్ప మొదటి రింగుకే ఎత్తాడు.

"చూస్తున్నారా మేడమ్, తవ్వకం మొదలెట్టాం."

"యంత్రం ఆపండి."

"మళ్ళీ మొదలెట్టారా? కేసు నా చేతికొచ్చేసరికి..."

"కేసు మీరే తీసుకోండి. చంపినవాడు నా పక్కనే ఉన్నాడు, అతన్నీ మీకే ఇస్తా, పేరూ మీదే. యంత్రం ఆపండి. ఆ గోడ కింద నేల లేదు. నేను ఇప్పుడే చూసొచ్చాను. నాలుగు ఇనుప ముక్కల మీద నిలబడి ఉంది. కింద వీధినిండా జనం ఉన్నారు."

ఇరవై ఏళ్ళుగా ఆమె ప్రతి మాటకీ అడ్డం చెప్పినవాడు ఈసారి ఏమీ అడగలేదు. ఫోన్ చెవి దగ్గరే ఉండగా అతని కేక వినిపించింది, "ఆపరా, ఇంజను ఆపు, అందరూ గోడ దగ్గర్నుంచి వెనక్కి రండి."

జల్లెడమ్మ వెల్డరు చొక్కా పట్టుకుని వీధిలోకి లాగింది. "ఈ వీధిలో అందరికీ మీరు తెలుసు. నా మాట కంటే మీ మాట తొందరగా వింటారు. పిలవండి."

అతను ముందు గదిలోంచి సుత్తి తీసుకుని, సగం చేసి నిలబెట్టిన గేటు మీద బలమంతా పెట్టి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, ఆపకుండా. తలుపులు తెరుచుకున్నాయి. "బయటికి రండి," అని అరుస్తున్నాడు, గొంతు పగిలిపోతోంది, "ఏమీ తీసుకోకండి, ముందు బయటికి రండి, నేనే చెబుతున్నా." ముసలివాళ్ళు అరుగు దిగారు. ఆమె పక్కింట్లోకి పరిగెత్తి, ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని, నోరు తెరిచి చూస్తున్న తల్లిని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. దుప్పట్లు ఆరేస్తున్న ఆడమనిషి ఇంకా పెరట్లోనే ఉందని ఎవరో అన్నారు. మొదటి చినుకు జల్లెడమ్మ చెంప మీద పడింది.

ఆమె బిడ్డని తల్లి చేతుల్లో పెట్టి ఆ దుప్పట్ల పెరటి వైపు తిరిగింది. ఇళ్ళ మధ్య సందులోంచి గోడ కనిపిస్తోంది. ఉబ్బు మీద, పైనుంచి కిందిదాకా, సన్నటి నల్లటి గీత ఒకటి సాగింది. అందులోంచి బూడిద రంగు నీళ్ళు కారడం మొదలైంది.

పైన యంత్రం ఆగిపోయింది. గోడ ఆగలేదు.